వెనక ఎడమ సీటు

సృజన్, బుజ్జీ,

ఈ సంగతి మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. మీ అమ్మకు కూడా తెలియదు. మస్కట్‌లో పెరుగుతున్న పిల్లలు మీరు. మీకు జూబ్లీ హిల్స్ అంటే సెలవుల్లో ఐస్‌క్రీమ్ తిన్న వీధి, ఫిల్మ్ నగర్ అంటే జగదీశ్ మామ వ్యాన్‌లో తిరిగిన చోటు, అంతే. ఆ రెండింటి మధ్య ఒక ఇంటి సెల్లార్‌లో, పోయిన వానాకాలం ఒక సాయంత్రం జరిగింది ఇది.

నా పని మీకు తెలుసు. పాత కార్లు చూసి ఏది బాగుందో, ఏది పోయిందో చెప్పడం. టాక్సీ ఎక్కినా సీటు బెల్టు రెండుసార్లు లాగి చూస్తానని మీరు నవ్వుతారు కదా, ఆ చాదస్తమే మనకు అన్నం పెడుతోంది. నేను బాగుందంటే బాగున్నట్టే. మోతీనగర్‌లో మీ అమ్మమ్మ వాళ్లింట్లో కూడా నా మాటకు ఆ విలువ ఉండేది.

జగదీశ్ మామ షూటింగులకు బండ్లు కిరాయికి తిప్పుతాడు. తనకున్న రెండు వ్యాన్లూ అమ్మేసి, రెండువేల మూడు నాటి నల్ల జర్మన్ కారు ఒకటి కొనాలనుకున్నాడు.

"సిన్మాల విలన్ దిగాల్నంటే గసుంటి బండే ఉండాలె బావా. కొత్త బండ్లకెళ్లి దిగితే విలన్ లెక్క కనవడడు, బ్యాంకు మేనేజర్ లెక్క కనవడ్తడు," అన్నాడు.

నవ్వుతూ అన్నాడు గాని, ఆ వ్యాన్ల మీదే వాళ్ల ఇల్లు నడుస్తోంది. పనికిరాని బండి కొంటే మళ్లీ లేవలేడు. అందుకే నేను సెలవు మీద వచ్చేదాకా ఆగాడు. నేను ఊ అంటేనే కొంటానన్నాడు.

ఆ ఇల్లు జూబ్లీ హిల్స్ నుంచి ఫిల్మ్ నగర్ వైపు దిగే వాలు మీద ఉంది. యజమాని పరబ్రహ్మం గారు ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజర్. షూటింగుకు మనుషుల్నీ బండ్లనీ భోజనాలనీ సమకూర్చిన మనిషి. ఇప్పుడు బాగా సన్నబడిపోయి, మాట్లాడేటప్పుడు ఎదుటివాడి మొహం కాకుండా గోడ చూసేవారు.

జగదీశ్ నన్ను గేటు దగ్గర దింపాడు.

"వ్యాన్ల కాస్ట్యూమ్ మూటలున్నయ్, ఇచ్చొస్త. జర మంచిగ చూడు బావా, పెళ్లిచూపుల లెక్క."

"పెళ్లిచూపులల్ల నేను గింత చూడలే."

"గందుకే మా అక్క పడ్డది నీకు. బండినన్న చూడు," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మబ్బు కమ్ముకొచ్చింది. సెల్లార్‌లోకి దిగేసరికి ఒక ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. గోడలకు చెమ్మ పట్టింది. ఆ చెమ్మ వాసనలో నల్లగా, నిశ్శబ్దంగా నిలబడి ఉంది కారు. పరబ్రహ్మం గారు తాళం నా చేతిలో పెట్టి, "చూసుకోండి, బాబూ. నేను పైనుంటాను," అన్నారు. కారు దగ్గరకు రాలేదు. మెట్ల మీదే ఆగి, వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

నిజం చెప్పాలంటే మొదట చాలా సంతోషపడ్డాను. ఇంజిన్ శుభ్రంగా ఉంది. ఆయిలు మూతకు మడ్డి లేదు. కార్పెట్ కింద వేలు పెట్టి చూశాను, పొడిగా ఉంది. పెద్దమనుషులు వెనక కూర్చుని తిరిగే కారు అది. తలుపు దగ్గరకు తెస్తే చాలు, మిగతాది తనే మెల్లగా లాక్కుని మూసుకుంటుంది. వెనక ఎడమవైపు కూర్చున్నవాళ్లు కాళ్లు చాపుకోవాలంటే తలుపు మీది మీట నొక్కాలి, ముందు సీటు జరిగి చోటిస్తుంది. స్ప్రింగుల బదులు నాలుగు చక్రాల దగ్గరా గాలి సంచులు. అన్నీ పనిచేస్తున్నాయి.

లోపల తోలు వాసన. దాని అడుగున ఇంకొకటి... ఏమిటా అని కాసేపు ఆలోచించాను. మేకప్ పౌడరు, మీసాలు అంటించే గమ్ము. షూటింగ్ బండి కదా అనుకున్నాను.

బయటికొచ్చి దూరంగా నిలబడి చూస్తే, వెనక ఎడమ చక్రం దగ్గర కారు రెండు వేళ్లు కిందికి ఉంది. ఆ గాలి సంచి కారుతోందేమో. తాళం తిప్పి బండిని పైకి లేపాను. నాలుగు మూలలూ సమంగా లేచాయి. సబ్బునీళ్లు చల్లి సంచి చుట్టూ చూశాను. కారుతుంటే బుడగలు రావాలి. ఒక్క బుడగ లేదు.

నేను చూస్తుండగానే ఆ మూల మళ్లీ దిగింది. గాలి పోతే కొంచెం కొంచెంగా దిగుతుంది. ఇది అలా దిగలేదు. ఎవరైనా ఎక్కి కూర్చుంటే దిగినట్టు... ఒక్కసారి దిగి, కాస్త ఊగి, ఆగింది.

వెనక ఎడమ తలుపు తీశాను. సీటు ఖాళీ. తలుపు వదిలితే మెల్లగా మూసుకుంది.

లోపల ఏదో వైరు తగులుతోందని నాకు నేనే చెప్పుకున్నాను. తాళం ఆన్‌లోనే ఉంచి, వెనక కుడివైపు ఎక్కి కూర్చున్నాను, వెనక అద్దానికి ఉన్న తెర పనిచేస్తుందో లేదో చూద్దామని. తలుపు కొంచెం తెరిచే ఉంచాను. బయట వాన అందుకుంది.

కరెంటు పోయింది.

చీకటి. వాన చప్పుడు. నా పక్క తలుపు మెల్లగా లాక్కుంది... టక్. వాన చప్పుడు కూడా దూరమైంది.

అప్పుడు ముందు ఎడమ సీటు కదిలింది. మోటారు సన్నగా మూలిగింది. సీటు ముందుకు జరిగింది... ఇంకా జరిగింది... ఆగింది. నేను ఏ మీటా నొక్కలేదు. ఎవరో కాళ్లు చాపుకోవడానికి చోటు చేసుకున్నట్టుంది.

తోలు కిర్రుమంది. కారు ఎడమవైపుకు ఒరిగింది. నా ఒళ్లు నా ప్రమేయం లేకుండా అటు జారింది. గమ్ము వాసన మొహానికి కొట్టింది. నా పక్కన ఊపిరి చప్పుడు లేదు... అయినా ఎవరో ఊపిరి బిగబట్టారని తెలుస్తోంది. మీరు దాగుడుమూతలు ఆడేటప్పుడు తలుపు వెనక ఉంటే నాకు తెలుస్తుంది కదా, అలాగ.

చాలాసేపు అలాగే.

తర్వాత నా చెవి దగ్గర, పెదవులు కదపకుండా మాట్లాడినట్టు, చాలా మర్యాదగా...

"అయిందా?"

నోరు తెరిచాను. గొంతు రాలేదు.

"బాబూ... అయిందా?"

ఆ తర్వాత ఏమైందో మీకు రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మీ నాన్న ఆ సీటులో, చిన్నపిల్లాడిలా, బట్టలు తడుపుకున్నాడు.

తలుపు బయటినుంచి తెరుచుకుంది. టార్చిలైటు పట్టుకుని పరబ్రహ్మం గారు నిలబడి ఉన్నారు. వెలుగు నా మీద పడి, కిందికి దిగి, వెంటనే గోడ మీదికి తిరిగింది. నేను కర్చీఫ్‌తో సీటు తుడుస్తుంటే ఆయన పైకి వెళ్లి తువ్వాలు తెచ్చి, నా వైపు చూడకుండా చేతికిచ్చారు.

"అడిగాడా?" అన్నారు.

"అడిగిండు."

"మీరేమైనా చెప్పారా?"

"లేదు."

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. "నాకూ నోరు రాలేదండీ. ఇన్నేళ్లుగా రాలేదు," అన్నారు.

అప్పుడు చెప్పారు. బసవపున్నయ్య గారని ఒక నటుడు, తండ్రి వేషాలు వేసేవాడు. ఆసుపత్రికి వెళ్తూ కారు వెనక సీట్లో తండ్రి ప్రాణం వదిలే సీన్. ఈ కారునే ట్రాలీ మీద ఎక్కించి లాగుతూ తీశారు.

"కట్ అనగానే యూనిట్టంతా చప్పట్లు. అంత బాగా చావడం ఎవరూ చూళ్లేదు. మాలో ఒక పద్ధతుందండీ. చచ్చినట్టు చేసినవాణ్ని వెంటనే లేపి, కెమెరా ముందు ఒకసారి నవ్వించాలి. ఆ నవ్వు సినిమాలో ఉండదు. అయినా తీస్తాం. తీయకుండా ఇంటికి పంపకూడదు."

"తీయలేదా?"

"వానొచ్చింది. నవ్వు రేపు తీద్దాం, ప్యాకప్ అన్నాను. నేనే అన్నాను. ట్రాలీ మీదున్న కారు మీద అలాగే టార్పాలిన్ కప్పించేశాను. ఆయన దిగి ఎవరి బండిలోనో వెళ్లుంటాడనుకున్నాం. కారు తెచ్చి ఇక్కడ పెట్టారు. పొద్దున తలుపు తీస్తే..."

నేను, "షాట్‌లనే పోయిండా?" అని అడిగాను.

"అలా అయితే బాగుండేది, బాబూ. తెల్లవారుజామున పోయాడన్నాడు డాక్టరు. పక్షవాతమట. కాలూ చెయ్యీ కదల్లేదు. రాత్రంతా ఇక్కడే..." గోడ వైపు చూస్తూ అన్నారు, "షాట్ అయిందని ఒక్కరం వచ్చి చెప్పలేదు."

పైన వంటింట్లో ఆయన భార్య శ్యామలాదేవి గారు ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినిపించింది. ఆయన గొంతు తగ్గించారు.

"ఇలా అడుగుతున్నాడని మా ఆవిడకు కూడా తెలీదు. చెప్పకుండా అమ్మితే పాపం. చెప్పాలంటే సిగ్గు. మీ బావమరిదికి మీరే చెప్పండి. మీకు దండం పెడతాను."

చెప్తానన్నాను.

జగదీశ్ వచ్చేసరికి నేను గేటు బయట వానలో నిలబడి ఉన్నాను, పూర్తిగా తడిసేదాకా.

"ఏంది బావా, గిట్ల నానినవ్? పిచ్చి లేసిందా? బండెట్లుంది?"

చెప్పడానికి నోరు తెరిచాను. చెప్తే, 'నువ్వేం చేసినవ్ మరి?' అంటాడు. మీ అమ్మకు చెప్తాడు. మోతీనగర్ అంతా నవ్వుతుంది. నా కళ్ల ముందు ఆ తడి సీటే ఉంది.

"సస్పెన్షన్ పోయింది జగదీశ్. నాలుగు సంచులు పోయినయ్. తీసుకోకు," అన్నాను.

నా జన్మలో ఒక బండి గురించి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. మామ మొహం వాడిపోయింది. దారంతా నేను కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను. పరబ్రహ్మం గారికిచ్చిన మాట తప్పినా మీ మామ బతికిపోయాడు కదా అనుకున్నాను.

మనం మస్కట్ వచ్చాక ఒకరోజు ఫోన్ చేశాడు. మంచి హుషారు మీద ఉన్నాడు.

"బావా, మెకానిక్‌ను తోల్కపోయి చూపించిన. సంచులు బంగారం లెక్కున్నయంటండు. ఒక్క చుక్క గాలి పోతలేదంట. ఏం సర్వేయర్‌వు బావా నువ్వు? మస్కట్ ఎండకు కండ్లు మసకైనయా? బండి కొన్న!"

మీ మామ అమావాస్య నాడు బండి తాళం ముట్టడు. పిల్లి ఎదురొస్తే వ్యాన్ ఆపి నీళ్లు తాగి బయల్దేరుతాడు. 'వెనక ఎవరో ఉన్నరు జగదీశ్' అని ఒక్క మాట అని ఉంటే, ఎందుకని కూడా అడిగేవాడు కాదు. అక్కడికక్కడే దండం పెట్టి వెళ్లిపోయేవాడు. నా అబద్ధాన్ని మెకానిక్ కొట్టిపారేయగలిగాడు. నిజాన్ని కొట్టిపారేయడం అతని వల్ల అయ్యేది కాదు. నేను చెప్పేశాననుకునే పరబ్రహ్మం గారూ అమ్మి ఉంటారు. ఇదంతా తెలిసీ, ఆ ఫోన్లో కూడా, "మంచిది, జాగ్రత్తగ నడుపు," అన్నాను.

కొడుకు నిఖిల్‌ను రోజూ బడికి ఆ కారులోనే దింపుతున్నాడు. వాడిని వెనక ఎడమవైపే కూర్చోబెడతాడు, సారు లెక్క.

కారు పూజ వీడియో పంపాడు. మీరు చూడలేదు, నేను చూపించలేదు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి అందరినీ పక్కకు జరగమన్నాడు. మామ ఒక్కడే ఎక్కి బండిని ముందుకు కదిలించాడు. మూడు నిమ్మకాయలు పిండైపోయాయి. వెనక ఎడమ చక్రం నాలుగోదాని మీదుగా వెళ్లింది. నేను ఆపి ఆపి చూశాను, దాని మీదుగానే వెళ్లింది. చక్రం దాటాక ఆ నిమ్మకాయ పెట్టింది పెట్టినట్టే ఉంది. గుండ్రంగా, పచ్చగా. మామ దాన్ని ఎత్తి కెమెరాకు చూపించి, "చూడు బావా, ఎంత శుభమో!" అని నవ్వాడు. దాన్ని కారులోనే ఉంచుకున్నాడట. ఇన్ని నెలలైంది. ఇంకా వాడిపోలేదట.

నాకు ఇప్పటికీ నోరు రావడం లేదు. నిన్న కూడా ఫోన్ చేసి, వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

నిఖిల్‌తో మీరు రోజూ మాట్లాడతారు కదా. ఈ కథ వాడికి చెప్పండి. నా గురించి రాసింది కూడా దాచకుండా చెప్పండి, అప్పుడే నమ్ముతాడు. పక్కనుంచి ఎవరైనా అడిగితే భయపడొద్దని, 'అయింది తాతా, ఇంక నవ్వు' అనమని చెప్పండి. చెప్పి, వాళ్ల నాన్నకు చెప్పమనండి.