మావయ్యగారి వేషంలో లోవరాజు

"మా ముత్తాతగారికి ఈ మీసమా!"

సూర్యావతి లోవరాజుతో అన్న మొదటి మాట ఇది. నమస్కారం లేదు, పాడూ లేదు.

అతను లైబ్రరీ బల్ల మీద కూర్చుని, చేతి అద్దంలో చూసుకుంటూ మీసం అంటించుకుంటున్నాడు. ఉలిక్కిపడేసరికి సగం మీసం ఊడి గడ్డం మీదకి జారింది.

"ఏం, బాగోలేదాండి?"

"బొద్దింక పాకినట్టుంది. అసలు బుచ్చిరాజుగారంటే ఎవరనుకున్నారు?"

"ఈ లైబ్రరీ పెట్టినాయనండి. పెద్దిరాజు మాస్టారు చెప్పేరు."

"అంతేనా మీకు తెలిసింది?"

"ఆయ్. వేషం నిన్ననే కదండీ ఇచ్చేరు."

ఆ ఊరి పేరు నేను చెప్పను. చెబితే "మా తాతగారి వేషం ఎందుకు కట్టలేదు?" అని నలుగురు పోట్లాటకొస్తారు. ముక్తేశ్వరం దాటి కాలవ గట్టెమ్మట కొంచెం ముందుకెళ్తే వస్తుంది, అంత చాలు. 2002లో ఆ ఊరి లైబ్రరీకి అరవై ఏళ్ళు నిండేయి. మీటింగు పెడితే కుర్చీలు తప్ప ఎవరూ మిగలరని లైబ్రరీ చూసే పెద్దిరాజు మాస్టారికి అనుభవం. అందుకని కొత్త ఏర్పాటు చేసేరు. ఊళ్ళోవాళ్ళే ఊరి పాత పెద్దమనుషుల వేషాలు కట్టి, బజారు పొడుగునా పందిళ్ళ కింద కూర్చోవాలి. జనం ఏం అడిగినా ఆ పెద్దమనిషిలాగే జవాబు చెప్పాలి.

"వేషం కట్టేక సాయంత్రం దాకా మీరు మీరు కాదు. తెలిసిందా?" ఇదీ మాస్టారి రూలు.

కొబ్బరికాయల కొట్టు కొండబాబు, వరదలో జనాన్ని దాటించిన పడవ సరంగు అయ్యేడు. సూర్యావతికి, ఊళ్ళో ఆడపిల్లలకి మొదటి బడి పెట్టిన ఉమాదేవి టీచరు వేషం వచ్చింది. బుచ్చిరాజుగారి వేషం మాత్రం లోవరాజుకి పడింది. అతను దోహాలో ఏసీ మెకానిక్కు. సెలవు మీద ఇంటికొచ్చి, పొడుగ్గా ఉన్న పాపానికి మాస్టారి కంట్లో పడ్డాడు.

సొంత ముత్తాత పరువు ఏమైపోతుందోనని సూర్యావతి రోజూ సాయంత్రం వచ్చి అతనికి ట్రైనింగు ఇవ్వడం మొదలెట్టింది.

"నవ్వకండి. ఆయన నవ్వరు."

"ఎప్పుడూనా అండి?"

"ఫోటోలో నవ్వలేదు."

"ఫోటోలో మా మావయ్యా నవ్వలేదండి. ఇంట్లో తెగ నవ్వుతాడు."

ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది. నవ్వాపుకోడానికని అతనికి తెలిసిపోయింది.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. లైబ్రరీ పెంకుల్లోంచి ఎక్కడ పడితే అక్కడ కారడం మొదలెట్టింది. ఇద్దరూ కలిసి బీరువాలు జరిపేరు, పుస్తకాలు మోసేరు. ఆవిడ జడ తడిసి ముద్దయింది. అతను చూస్తున్నాడని తెలిసి, "ఏంటండీ, బుచ్చిరాజుగారు ఇలా గుడ్లప్పగించి చూసేవారు కాదు," అంది.

"ఇప్పుడు నేను వేషంలో లేనండి," అన్నాడు లోవరాజు.

ఆవిడ ఇంకో పుస్తకాల కట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. కోప్పడలేదు, వెళ్ళిపోనూలేదు.

అంతే, పిల్లాడు పీకల్లోతు మునిగిపోయేడు. కానీ నోరు విప్పలేదు. ఆవిడ నాన్నగారికి ఎకరాల కొద్దీ కొబ్బరితోట ఉంది. ఇతనికి దోహాలో ఇనప మంచం ఉంది. సెలవు కూడా అయిపోవచ్చింది. అడిగితే ఉన్న కాస్త స్నేహమూ పోతుందేమోనని భయం.

లైబ్రరీ పండగ రోజు బజారంతా తిరనాళ్ళే. బుచ్చిరాజుగారి పందిట్లో లోవరాజు తలపాగా పెట్టుకుని, చేతికర్ర పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. పక్క పందిరే ఉమాదేవి టీచరుది.

మధ్యాహ్నం వీరాయమ్మగారు వచ్చేరు. ఆవిడ సూర్యావతికి నాన్నమ్మ, బుచ్చిరాజుగారికి స్వయానా కోడలు. లోవరాజుని చూస్తూనే ఠక్కున ఆగి, కొంగు తల మీదకి లాక్కుని, పందిరి గుంజ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

సూర్యావతి పరుగెత్తుకొచ్చింది. "అదేంటి నాన్నమ్మా, వచ్చి కూర్చో."

"మావయ్యగారి ఎదుటా!"

"ఆయన లోవరాజు నాన్నమ్మా, ఏసీలు బాగుచేస్తారు."

"తెలుసే, నాకు కళ్ళజోడుంది. రాముడి వేషం కట్టినవాడికి హారతివ్వడం లేదా? ఇదీ అంతే."

ఆవిడ కాలంలో కోడలు మావగారితో నేరుగా మాట్లాడేది కాదు. ఎదురుగా ఉన్నా, మాట వినబడుతున్నా, మధ్యలో ఒక మనిషి ఆ మాట మోయాల్సిందే. ఇప్పుడా పని సూర్యావతి నెత్తిన పడింది.

"అడగవే. నీకు రాయవరం రైసుమిల్లువాళ్ళ సంబంధం వచ్చింది కదా. మీ నాన్న ఇవాళే మాటిచ్చేస్తానంటున్నాడు. ఇమ్మంటారో వద్దంటారో అడుగు. మావయ్యగారు ఎలా అంటే నేనలా అంటాను. నా మాట మీ నాన్న కాదనడు."

సూర్యావతి మొహంలో రంగు పోయింది. లోవరాజు వైపు చూడకుండా, కర్ర వైపు చూస్తూ చెప్పింది. "మీ మునిమనవరాలికి... రాయవరం సంబంధం... ఇమ్మంటారా వద్దంటారా అని అడుగుతోందండి."

వద్దు అంటే చాలు. ఆ మాట లోవరాజు నాలిక చివరిదాకా వచ్చేసింది. మింగేడు.

"అమ్మాయిని అడిగేరా అని అడగండి," అన్నాడు.

గుంజ వెనక నుంచి ఒక్కసారిగా గొంతు లేచింది. "ఓహో! మరి ఆయన నన్ను అడిగేరా అని అడగవే! పరికిణీలు కట్టుకునే వయసులో కోడలిగా తెచ్చుకున్నారు, నన్నొక్కళ్ళు అడిగేరా? ఊరందరికీ పుస్తకాలు పంచేరు. నేనొక్కటి కావాలని అడిగిస్తే, ఇంట్లో ఉండేదానికి పుస్తకమెందుకని అత్తయ్యగారితో చెప్పించేరు. అటకెక్కి దొంగతనంగా చదువుకున్నాను. అదేం న్యాయమో అడుగు!"

సూర్యావతి గుంజ వైపు తిరిగి చూసింది. వాళ్ళింట్లో బుచ్చిరాజుగారి ఫోటోకి రోజూ దండ పడుతుంది. ఈ మాట మాత్రం ఎవరూ ఎప్పుడూ అనలేదు.

దీనికి ట్రైనింగు లేదు. లోవరాజు కర్ర పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు.

"తప్పేనమ్మా," అన్నాడు గుంజ వైపు చూసి. "ఊరందరినీ చదువుకోమని నిన్ను వద్దన్నాను. నిన్ను అడగకపోవడమూ తప్పే. క్షమించు."

 గుంజ వెనక నుంచి ముక్కు చీదిన చప్పుడొచ్చింది. తర్వాత, "సరే. దీని సంగతి చెప్పమను," అన్నారు వీరాయమ్మగారు కాస్త మెత్తగా.

లోవరాజు తలపాగా తీసి కుర్చీలో పెట్టేడు.

"ఒరేయ్ లోవరాజూ, ఇంకా సాయంత్రం అవలేదురా!" అని బజార్లోంచి పెద్దిరాజు మాస్టారు అరిచేరు.

"ఆయ్, తెలుసండి," అని ఇటు తిరిగేడు. "ఈ ఒక్కటీ ఆయన వేషంలో చెప్పలేనండి. చెబితే మోసం అవుతుంది. మీ మనవరాలంటే నాకు ఇష్టమండి. ఆ సంబంధం వద్దంటే బాగుపడేది నేనే. అందుకని నన్నడక్కండి, అమ్మాయిగారినే అడగండి."

వీరాయమ్మగారు గుంజ వెనక నుంచి ఇవతలికొచ్చేరు. తల మీద కొంగు తీసేసి అతన్ని ఎగాదిగా చూసేరు. తర్వాత మనవరాలి వైపు తిరిగేరు.

"ఏమంటావే?"

"రాయవరం వద్దు."

"అదొక్కటేనా?"

సూర్యావతి చెవులదాకా ఎర్రబడిపోయింది. నాన్నమ్మ వెనక్కి జరిగి, ఆవిడ భుజం దగ్గర గొణిగింది. "ఆయన దోహా నుంచి ఎప్పుడొచ్చేస్తారో అడుగు నాన్నమ్మా."

"నేనడగను," అన్నారు వీరాయమ్మగారు. "మీ నాన్నతో నేను మాట్లాడతాను, అది నా పని. ఇది మాత్రం నీ పని. నాకు నోరున్నా మాట్లాడే వీలు లేక గుంజ వెనక నిలబడ్డాను. నీకేమొచ్చిందే? మధ్యలో మనిషెందుకు? ఎదురుగా వెళ్ళి అడుగు!"

సూర్యావతి వెళ్ళింది. లోవరాజుకి సరిగ్గా ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి అడిగింది.