ఆకు తిప్పి చూసిన కలివి

వెలగపురిని ఏలే జయకేతుడికి ఇరవై రెండేళ్లు. వేటంటే చెవి కోసుకుంటాడు. ఒకనాడు నల్లకొండ అడవిలో గుడారాలకు చోటు చాలక అక్కడి పొదలన్నీ నరికించాడు. అది జటిల అనే రాక్షసి పెంచుకుంటున్న తోట అని ఆయనకు తెలియదు. ఎవరినైనా అడిగి తెలుసుకుందామనీ తోచలేదు. మర్నాడు నిద్ర లేచేసరికి రాజుగారి పాదాలకు బెరడు కట్టింది. అది రోజుకు బెత్తెడు చొప్పున పైకి పాకసాగింది.

రాజవైద్యుడు తాళపత్రాలన్నీ గాలించి, ఇది జటిల శాపమనీ, దీనికి విరుగుడు బెరడుగొట్టు అనే మొక్క వేరు ఒక్కటేననీ, ఆ మొక్క నల్లకొండ అడవిలోనే మొలుస్తుందనీ తేల్చాడు. దాన్ని తెమ్మని బోదయ్యను పంపారు. బోదయ్యది తరతరాలుగా మందుమొక్కలు సేకరించే ఇల్లు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ మొక్కనైనా కోసే ముందు దాని ఎదుట కూర్చుని ఆనవాళ్లన్నీ పైకి చెప్పాలి. కాడ గుండ్రమా పలకలా, ఆకులు ఎదురెదురుగా పుట్టాయా ఒకటి విడిచి ఒకటా, ఆకు అంచు నున్ననా రంపమా, పువ్వుకు రేకులెన్ని అని వరసగా చెప్పి, చివరన ఆకు తిప్పి అడుగు చూడాలి. ఆ తరువాతే కొడవలి ఎత్తాలి. బోదయ్య నలభై ఏళ్లు ఈ కట్టుబాటు తప్పలేదు. ఆ రోజు మాత్రం రాజభటులు తొందరపెడుతుంటే, నాకు తెలియని మొక్కా అనుకుని ఆకు తిప్పకుండానే వేరుతో సహా కోసేశాడు.

దాని కషాయం తాగగానే రాజుగారి మోకాళ్ల దగ్గరున్న బెరడు ఒక్క గడియలో రొమ్ము దాకా ఎగబాకింది. మంత్రి మండిపడి బోదయ్యను చెరలో వేయించాడు. రాజుగారి నోట మాట ఆగిన రోజే బోదయ్య తల తెగుతుందని ఊరంతా చాటింపు వేయించాడు.

బోదయ్యకు ఒక్కతే కూతురు. పేరు కలివి, వయసు పద్దెనిమిది. నోరూ చెయ్యీ రెండూ చురుకే. చాటింపు వినగానే ఆమె చెరసాలకు పరుగెత్తింది.

"ఎక్కడ తప్పావు నాయనా?" అని అడిగింది.

"అన్నీ సరిపోయాయమ్మా. పలకల కాడ, ఎదురెదురు ఆకులు, రంపపు అంచు, అయిదు రేకుల పువ్వు. రాజుగారు కషాయం తాగాక, మిగిలిన ఆకు తిప్పి చూద్దును కదా, అడుగున నున్నగా ఉంది. అసలుదానికి ఆకు అడుగున తెల్లటి నూగుండాలి. ఆ నూగులోంచి ఎర్రటి ఈనెలు కనబడాలి. ఆకు తిప్పకుండా కోయనని చచ్చేవేళ మీ తాత నాచేత ఒట్టు వేయించుకున్నాడే, ఆ ఒట్టు తప్పాను," అంటూ బోదయ్య బావురుమన్నాడు.

తండ్రి ఏడవగా చూడటం కలివికి అదే మొదలు. ఆమెకు గుండె చెరువైంది. "నువ్వు తిప్పని ఆకు నేను తిప్పి వస్తా. నేను వచ్చేదాకా అన్నం మాత్రం మానొద్దు," అని చెప్పి, కొడవలి నడుముకు దోపుకుని అడవిదారి పట్టింది.

రెండు రోజులు నడిచాక ముళ్లకంచె అడ్డొచ్చింది. అందులోంచి ఎడ్లబండంత ఏదుపంది ఒకటి ముళ్లు గలగలలాడించుకుంటూ బయటికి వచ్చింది.

"ఇది ముళ్లరాజ్యం పిల్లా. ముల్లంటే ఏమిటో తెలియనివాళ్లు ఇటు రాకూడదు. ముళ్లు ఎన్ని విధాలో చెప్పు. తప్పితే నా ముళ్లే నీకు సమాధానం చెబుతాయి," అంది.

కలివి కంచెను కాసేపు పరిశీలించింది. "మొక్కల్లో నేనెరిగినవి మూడు విధాలు, ఏదు మామా. గులాబి ముల్లు బెరడు మీద మొలుస్తుంది. పక్కకు తోస్తే బెరడుతోపాటు ఊడి వస్తుంది. నాగజెముడు ముల్లు ఒకప్పటి ఆకు. ఎండకు ఓర్చుకోలేక అలా సన్నబడింది. ఇక కలివిపొద ముల్లుంది చూశావూ, అది కొమ్మే. లోపలి కర్రలోంచి వస్తుంది గనక తోస్తే ఊడదు, విరవాల్సిందే. నా పేరూ కలివే," అంది.

"పేరుకు తగ్గ పిల్లవే," అని ఏదుపంది సంబరపడి, కంచెను మూతితో పక్కకు నెట్టి దారి ఇచ్చింది.

కంచె దాటితే రాతినేల. అక్కడొక గుహ ముందు బండరాయి మీద నాలుక పిడచగట్టిన ముని కూర్చుని ఉన్నాడు. "అమ్మాయీ, తపస్సు ముగిసేదాకా ఈ రాయి దిగకూడదు. ఎదురుగా రెండు తీగలున్నాయి. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో విషం. నా దాహం తీరిస్తే నీకు పనికొచ్చే మాట చెబుతాను," అన్నాడు.

రెండు తీగలూ ఒకే లావు, ఒకే రంగు. కలివి తొందరపడలేదు. ఒక్కోదాని ఆకుకొన తుంచి చూసింది. మొదటిదాని నుంచి చిక్కటి పాలు కారాయి. ఆ పాలు పడినచోట చీమలు చచ్చిపోయాయి. రెండోదాని కొన తేటగా చెమ్మగిల్లింది. ఆ తీగను కోసి ముందు తాను ఒక చుక్క రుచి చూసి, తరువాత ముని దోసిలి నింపింది.

ఆయన కడుపారా తాగి, "నీకు కావలసిన మొక్క జటిల తోటలో ఉంది. జటిల అబద్ధమాడదు. కానీ తనకు కావలసినంతే చూపిస్తుంది. ఆమె నిలబడమన్నచోట నిలబడకు," అన్నాడు.

కలివి తోట చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నరికిన మోడుల అవతల వంద మొక్కలు వరసలు తీరి ఉన్నాయి. వాటి నడుమ జటిల కూర్చుని ఉంది. ఆమె జుట్టు వేళ్లలా నేలలోకి దిగి ఉంది.

"నా తోట నరికినవాడికి నా దగ్గరే మందా?" అంది జటిల.

"తప్పు రాజుగారిది, తల పోయేది మా నాయనది. నలభై ఏళ్లలో ఆయన ఈ అడవిలో కొమ్మయినా ఊరికే విరవలేదు తల్లీ."

"విరిచాడు. ఆకు తిప్పకుండా, ఒకటి."

"అవును. ఆ ఒక్కటీ సరిదిద్దడానికే వచ్చాను," అంది కలివి.

జటిల నవ్వింది. "ఈ వందలో ఒక్కటే బెరడుగొట్టు. ఆ గట్టు మీద నిలబడి చూసుకో. తాకేది ఒక్కదాన్నే. చేయైనా కర్రైనా మరోదానికి తగిలితే నువ్వూ ఇక్కడ మొక్కవైపోతావు."

గట్టు మీంచి చూస్తే వంద మొక్కలూ ఒకటే. అదే కాడ, అవే ఆకులు, అదే పువ్వు. తాకకుండా ఆకు తిప్పేదెలా? అప్పుడు కలివికి ముని మాట గుర్తొచ్చింది.

"గట్టు మీదే నిలబడాలా తల్లీ?"

జటిల, "నిలబడమన్నాను. తప్పదని అనలేదు," అని ఒప్పుకుంది.

కలివి చీర కుచ్చెళ్లు బిగించి, వరసల మధ్య వెల్లకిలా పడుకుంది. మోచేతులు ఆనించి మెల్లగా వెనక్కి జరగసాగింది. ఆకుల అడుగులన్నీ ఇప్పుడు ఆమె కళ్ల ముందే ఉన్నాయి. పైన ఎండ ఉండటంతో ఒక్కో ఈనె తేటగా కనిపిస్తోంది. ఇటు నున్నన, అటు నున్నన. వీపు కింద చీమలు కుట్టాయి. గాలికి ఒక ఆకు ఊగి ముక్కు దాకా వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి, నేలకు అంటుకుపోయి, అది వెనక్కి పోయేదాకా కదల్లేదు. ఏడో వరస చివర ఒక మొక్క కింద తెల్లటి నూగు కనిపించింది. అందులో ఎర్రటి ఈనెలు.

కలివి జాగ్రత్తగా లేచి, ఆ మొక్క ఎదుట కూర్చుంది. తెలిసిపోయింది కదా అని కోసేయలేదు. కాడ నుంచి పువ్వు దాకా ఆనవాళ్లన్నీ పైకి చెప్పి, వేలితో ఆకు తిప్పి మరోసారి చూసింది. తరువాత సగం వేరు మాత్రం తీసి, మిగతా సగానికి మట్టి కప్పింది.

"సగమే తీశావేం?" అంది జటిల.

"అంతా తీస్తే రేపు ఇంకెవరికైనా కావాలంటే ఏం చేస్తారు?"

జటిల ముఖం మెత్తబడింది. "మీ రాజుతో చెప్పు. నరికినవన్నీ మళ్లీ తన చేత్తో నాటి తీరాలి," అని కలివిని ఎత్తి, ఒక్క అంగలో అడవి అంచున దింపింది.

కలివి కోటలో అడుగు పెట్టేసరికి బెరడు రాజుగారి గడ్డం తాకింది. కత్తి పట్టిన భటుడు బోదయ్య పక్కనే నిలబడి ఉన్నాడు. ఆమె తెచ్చిన వేరు కషాయం గొంతు దిగగానే బెరడు పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. జయకేతుడు లేచి, ముందుగా బోదయ్య సంకెళ్లు విప్పించాడు. తరువాత కలివి వైపు తిరిగి, తనను పెళ్లాడమని అడిగాడు.

"మా ఇంట్లో ఆకు తిప్పి చూడనిదే ఏదీ కోయం ప్రభూ. మిమ్మల్ని ఇప్పటిదాకా పైనుంచే చూశాను," అంది కలివి.

సభంతా బిత్తరపోయింది. రాజు మాత్రం నవ్వి, జటిల చెప్పి పంపినట్టే మర్నాడే గునపం పట్టి అడవికి వెళ్లాడు. నరికిన ప్రతి మొక్కకూ మారు మొక్క నాటేసరికి ఏడాది పట్టింది. చేతులు బొబ్బలెక్కినా ఒక్క రోజు మానలేదు. ఆ ఏడాదంతా కలివి పక్కనే ఉండి చూసింది, చివరికి సరేనంది.

పెళ్లినాడు తాంబూలం అందించినప్పుడు పురోహితుడు ముహూర్తం మించిపోతోందని తొందరపెట్టాడు. బోదయ్య వినలేదు. అందరూ చూస్తుండగా తమలపాకులు ఒక్కొక్కటే తిప్పి చూసి, కళ్లు తుడుచుకుని, అప్పుడు కూతురి చేతిని అల్లుడి చేతిలో పెట్టాడు.