మూడవ సీసాలోని ఆరవ రుచి

అమావాస్య... అసురసంధ్య!

జంగారెడ్డిగూడెం వెలుపల, పొగాకు ఆరబెట్టే పాడుబడిన బ్యారన్ మీద ఉరుము విరుచుకుపడింది. దూలం మీది గుడ్లగూబ ఒక్కసారి కూసింది. లోపల దీపాల నడుమ నల్లని ముగ్గు. ముగ్గు నడుమ కపాలం. దాని ఎదుట మూడు సీసాలు... మూడూ ఐర్లండ్ విస్కీలే. మూడూ దేని జ్ఞాపకార్థమో వెలువడినవే!

వాటి ముందు పద్మాసనంలో శశిభూషణ్. మద్యాల రుచులను వర్ణించి పేరుపొందినవాడు. రెండేళ్ళ క్రితం ఒక జ్వరం అతని నాలుకను చంపింది. పోయినదానికై దుఃఖించి ఊరుకోవడం మనిషికి సాధ్యమే. అతడు ఊరుకోలేదు. మరొకరి నాలుకను కోరాడు.

అది లోవలక్ష్మి నాలుక. బస్టాండు పక్కన ఆమె చేపల పులుసు హోటల్. మరిగే పులుసు ఒక్క చుక్క అరచేతిలో వేసుకొని నాకితే చాలు, ఏది తక్కువో చెప్పేస్తుంది. భర్త పోయాక ఆ నాలుకే ఆమెకు బతుకు. నెల రోజులుగా శశిభూషణ్ అక్కడే భోంచేస్తున్నాడు.

ఆ ఉదయమే నూతి దగ్గర ఆడపడుచు బేబి నవ్వింది.

"ఆ కళ్ళద్దాలాయన పులుసు కోసం రావట్లేదు వదినా. నువ్వు రుచి చూస్తుంటే కళ్ళార్పకుండా నీ నోటి వంకే చూస్తాడు."

"చూస్తే నా నోరేమన్నా అరిగిపోద్దా ఏంటి? కబుర్లాపి ముందు చేదు! చేదవే, బొక్కెన జారిపోతంది!"

బేబి తాడు లాగింది. నిండు బొక్కెన పైకి వచ్చింది. అప్పటికే లోవలక్ష్మి తలవెంట్రుక ఒకటి శశిభూషణ్ చేసిన మైనపు బొమ్మలో ఉంది.

ఇప్పుడు లోవలక్ష్మి బ్యారన్‌లోకి వచ్చింది... విరబోసిన జుట్టుతో, రెప్పపడని కళ్ళతో, తనది కాని నడకతో!

అతడు కపాలం మీద చెయ్యి ఉంచి గర్జించాడు. "నీ నోట వెలువడే ప్రతి మాటా నాయందు సిద్ధించుగాక! ఆరు రుచులు! పలుకు!"

మొదటి సీసా ఒక విస్కీ బట్టీకి రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భానిది. కపాలంలో పోసిన ద్రవాన్ని ఆమె తాగింది.

"తీపి... బాణలి అడుగున మాడిన తాటిబెల్లం. వెనకాలే పులుపు... మాగీ మాగని పనసతొన."

శశిభూషణ్ నాలుక జలదరించింది. బెల్లం! రెండేళ్ళకు బెల్లం! ఎదుట ఆమె రెండు చేతులతో నోరు మూసుకొని కేకపెట్టింది.

"నా తీపేదండీ... నా నోట్లో తీపి పోయిందండీ!"

అతడు పకపకా నవ్వి రెండవ సీసా వంచాడు. అది ఓడ మునిగి మరణించిన నావికుల జ్ఞాపకానిది.

"ఉప్పు... తడి వల ఎండలో ఆరేటప్పటి ఉప్పు. పడవకి పూసిన తారు వాసన. గొంతులో కారం... మిరియం కాదు, శొంఠి."

మూడవది... ఏనాటి కరువులోనో పోయినవారి జ్ఞాపకానిది. తిండిగింజ లేక మరణించినవారి పేరున గింజలను కాచి, పన్నెండేళ్ళు పీపాలో దాచి, బంగారు అక్షరాలు అద్దారు! ఆ అక్షరాలను అతడు ఎన్నోమార్లు చదివాడు. పేరు పెట్టి పిలిస్తే వారు వస్తారనీ, వస్తే ఆకలితోనే వస్తారనీ ఒక్కమారైనా తలచలేదు.

ఆమె తాగింది. దీపాలన్నీ ఒక్కవైపుకు వంగాయి.

"వగరు... జీడిమామిడి పండు గొంతు పట్టేసినట్టు..."

ఆ స్వరం వెనుక మరెన్నో స్వరాలు... ఎండినవి, ఏ భాషవో తెలియనివి! ఆమె ఆగిపోయింది.

"ఆరవది! పలుకు! లేదా నీ నాలుక కోసి ఈ కపాలంలో వేస్తాను!"

ఆమె కళ్ళు మొదటిసారి రెప్పవేశాయి. అతణ్ణి సూటిగా చూసింది.

"చేదు."

అది రుచి పేరు. నూతి దగ్గర అదే ఆజ్ఞ! ప్రతి మాటా తనయందు సిద్ధించాలని కోరినవాడు అతడే. ఆకలిగొన్నవారు ఆ మాటలో రుచిని వినలేదు... ఆజ్ఞను విన్నారు!

చేదారు.

అతని కంఠంలోకి కానరాని తాడేదో దిగింది. మొదట దొంగిలించిన రుచులు పైకి వచ్చాయి. తరువాత ఊపిరి... నెత్తురు... మాంసం! కపాలం నిండుతోంది, మరుక్షణమే ఖాళీ అవుతోంది!

"ఆపండి! నేనడిగింది రుచి! రుచి మాత్రమే!"

"చేదు... చేదు..." అంటూనే ఉంది లోవలక్ష్మి, ప్రతి ఉదయం అన్నట్టే.

మెరుపు మెరిసింది. ముగ్గులో ముడుతపడిన చర్మం, ఒక కళ్ళద్దాల జత మాత్రమే ఉన్నాయి.

మరునాడు హోటల్లో పులుసు మరిగింది. లోవలక్ష్మి అరచేతిలో చుక్క వేసుకొని నాకింది. మరో చుక్క వేసుకొని మళ్ళీ నాకింది. ఆకలిగొన్నవారు ఏదీ తిరిగి ఇవ్వలేదు. ఆమె నాలుకపై వారు వదిలినది ఆ ఆరవది, చేదు ఒక్కటే.

"ఏంటి వదినా, ఉప్పు తక్కువైందా?"

ఆమె అరచెయ్యి చీరకు తుడుచుకుంది.

"ఇకనించి నువ్వే చూసి చెప్పవే, బేబీ."