చప్పుడు మారిన కుర్చీ

మా అక్క పనిచేసే కుర్చీల కార్ఖానా వెనక ఒక గోదాము ఉంది. చీకటి పడ్డాక అందులో ఎవరూ అడుగు పెట్టరు. అక్కడ ఒక మనిషిని చంపారు.

చంపింది స్నేహితుడే. మా అమ్మమ్మ కాలంలో ఇద్దరూ కలిసి కుర్చీలకు డిజైన్లు గీసేవాళ్లట. అప్పటికి అవి కొత్త ఫ్యాషను. చెక్కుడు పువ్వుల్లేవు, లావుపాటి కాళ్లు లేవు. వంచిన పలచటి చెక్క, సన్నటి ఇనప కడ్డీలు, ఊగడానికి కింద రెండు వంపు బద్దలు — అంతే. ఆ ఊగుడు కుర్చీకి బాగా పేరొచ్చింది. దాంతో, గీసింది నేనంటే నేనని గొడవ. ఒక రాత్రి ఒకడు దాంట్లో కూర్చుని ఊగుతుంటే, రెండోవాడు వెనక నుంచి వచ్చి కొయ్య సుత్తితో... ఊగడం ఆగేదాకా కొట్టాడట.

ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది.

"దెయ్యానికి కూడా డిజైన్ కుర్చీయే కావాలంట, స్టూలేస్తే కూర్చోదంట!" అని పనివాళ్ల వేళాకోళం. అదీ పగలే.

మా అక్క అక్కడ కుర్చీలు అల్లేది. బావది పాలిష్ పని. తాగితే మనిషి కాదు. ఒకసారి తాగొచ్చి, బాగుచేయడానికి వచ్చిన పాత కుర్చీ వీపు విరిచేశాడు. ఎవరు విరిచారని ఓనరు అడిగితే అక్క ఉన్నమాట చెప్పేసింది. బావ పని పోయింది.

ఆ రాత్రి అక్క కార్ఖానాలో ఒక్కతే కూర్చుని అల్లిక ముగిస్తోంది. బావ తాగొచ్చాడు. వీధి తలుపు గడియ పెట్టాడు. చేతిలో కొయ్య సుత్తి.

"నా మీద చాడీలు చెప్తావా?"

"చాడీ కాదయ్యా... అడిగితే..."

మొదటి దెబ్బకి భుజం ఎముక పుటుక్కుమంది. రెండో దెబ్బకి చెవి చితికింది. మెడ మీదుగా వెచ్చగా కారింది.

"ఇవాళ్టితో సరి" అన్నాడు బావ. అరవలేదు. మెల్లగా అన్నాడు. నిజంగానే చంపేస్తాడని అక్కకి అప్పుడు తెలిసిందట.

తలుపుకి అడ్డంగా అతనే ఉన్నాడు. ఇక మిగిలింది గోదామే.

చీకట్లో పడుతూ లేస్తూ పరిగెత్తింది. తుంటి దేనికో తగిలింది...

కటకట, కటకట, కటకట —

ఆ కుర్చీయే. ఆపే వ్యవధి లేదు. గోడవార పేర్చిన చట్రాల వెనక దూరి ముడుచుకుంది.

బావ గుమ్మంలోకి వచ్చాడు.

కటకట... కటకట...

అక్కకి ఆ కుర్చీలతో ఇన్నేళ్ల సావాసం. ఖాళీ కుర్చీని కదిలిస్తే తేలిగ్గా, గబగబా ఊగుతుంది. కాసేపటికి అదే సద్దుమణుగుతుంది. ఇదీ అంతేలే అనుకుని, ఊపిరి బిగబట్టి వింటోంది.

చప్పుడు సద్దుమణగలేదు. మారింది. నెమ్మదించి... బరువెక్కింది.

కర్ర్... కర్ర్...

ఎవరో కూర్చున్నారు.

"ఓహో! రాణీగారు ఊగుతున్నారా?" అంటూ బావ చీకట్లోకి దూకాడు.

ధబ్ —

మెత్తటి చప్పుడు. మళ్లీ ధబ్. ఏదో పగిలిన చప్పుడు, పచ్చి కొమ్మ విరిచినట్టు. కొడుతూనే ఉన్నాడు. కొట్టేకొద్దీ ఆయాసం, ఆయాసంలో బూతులు... ఉన్నట్టుండి బూతులు ఆగాయి.

"ఆగవేమే..." గొంతు వణికింది. "ఆగు... నీకు దణ్ణం పెడతా, ఆగు..."

కర్ర్... కర్ర్...

సుత్తి నేల మీద పడింది. గడియ లాగిన చప్పుడు. వీధిలో కేకలు దూరమైపోయాయి.

పెళ్లాన్ని చంపేశానని స్టేషన్‌కి వెళ్లి తనే చెప్పాడట. చంపినా అది ఊగుతూనే ఉందని ఏడ్చాడట. పోలీసులు వచ్చి చూస్తే అక్క చట్రాల వెనక ప్రాణాలతో ఉంది. కబురందుకుని మేం వెళ్లేసరికి, ముసలి జవాను కింద పడున్న కుర్చీ దిండు ఎత్తి చూపించి, "దీన్ని కొట్టాడమ్మా. తాగినవాడికి దిండేంటి, మనిషేంటి!" అన్నాడు. అందరం నవ్వాం. బావ జైలుకెళ్లాడు. అక్క మా ఇంటికి వచ్చేసింది.

మొన్న ఆ భుజానికి నూనె రాస్తూ అడిగాను. "అక్కా, ఎముక విరిగినా ఆ చట్రాల వెనక కిక్కురుమనలేదంటే... ఎలా ఓర్చుకున్నావు?"

"ఎక్కడ ఓర్చుకున్నానే?" అంది అక్క. "పరిగెత్తేటప్పుడు ఆ కుర్చీలో దిండు చేతికందింది. దాన్నే నోట్లో కుక్కుకున్నా. పోలీసులు వచ్చి లాగేదాకా వదల్లేదు."