లోతుకు దిగిన గుల్లలు

ఆటుకు నీళ్ళు మోకాలి దాకా దిగగానే నూకరత్నం వంగి బురదంతా అరచేత్తో తడిమింది. ఒక్క గుల్లా తగల్లేదు.

"చచ్చిపోయినట్టున్నాయత్తా. అంతా ఆ మిషను వల్లే," అంది కోడలు దేవుడమ్మ.

 మిషను పెట్టనిద్దామని ఊరిని ఒప్పించింది నూకరత్నమే.

పుల్లేటిమొగ ఊరి ఆడవాళ్ళకి గుల్లల మాంసం అమ్మడమే బతుకు. కొన్నేళ్ళుగా వేసవిలో అవి వాటంతటవే బురద పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని పడుండేవి. బుట్టలకొద్దీ ఏరుకునేవాళ్ళు. పోయినేడు మాత్రం సగానికి సగం కుళ్ళి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కారణం చూడ్డానికొచ్చిన శాస్త్రవేత్త డాక్టర్ మృదుల విడమరిచి చెప్పింది. పొలాల ఎరువు ఏటి వెంట సముద్రంలోకి వస్తోంది. దాంతో నాచు విపరీతంగా పెరిగి, చచ్చి, అడుగున కుళ్ళుతూ నీళ్ళలోని ఆక్సిజన్ అంతా లాగేస్తోంది. అందుకే ఈ ఏడు ఆమె నీళ్ళలో పెట్టిన మిషను ఆటుపోట్ల వేగంతో తిరుగుతూ, గాలిని వెంట్రుక కంటే సన్నటి బుడగలుగా చేసి అడుగుకు పంపుతుంది.

నూకరత్నం తిన్నగా ఒడ్డు మీది మృదుల షెడ్డుకు వెళ్ళి గుల్లలేమయ్యాయని అడిగింది.

మృదుల ఒక గాజు తొట్టి చూపించింది. అందులో బురద, ఉప్పునీళ్ళు. పైకి గుల్లలేవీ కనబడలేదు. ఆమె గాలి పంపు ఆపింది. చాలాసేపటికి బురద కదిలింది. ఒక్కో గుల్లా పైకొచ్చి నోరు తెరిచింది.

"ఊపిరాడక వస్తున్నాయి," అంది మృదుల.

"అయితే ఇన్నేళ్ళూ మేం ఏరుకున్నవి..."

"ఊపిరాడనివేనండి. ఇప్పుడు హాయిగా ఉన్నాయి కాబట్టి జానెడు లోతున దాక్కున్నాయి."

పంపు మళ్ళీ వేయగానే అవి మెల్లగా లోపలికి దిగడం మొదలెట్టాయి. నూకరత్నం ఆఖరిది కనుమరుగయ్యేదాకా చూసి, ఇంటికెళ్ళి పార తెచ్చింది. బురదలో నాలుగుసార్లు తవ్వగానే అరచేతి నిండా పట్టే గుల్లలు బయటపడ్డాయి. అంత పెద్దవి చూసి ఎన్నేళ్ళయిందో.

అది చూసి ఆడవాళ్ళంతా పారలు పట్టారు. కానీ మర్నాటికి అందరికీ నడుములు పట్టేశాయి. వంగి ఏరడమే తప్ప తవ్వడం ఎరగని దేవుడమ్మ, ఆడవాళ్ళందర్నీ వెంటేసుకుని షెడ్డుకొచ్చింది.

"డాక్టరుగారండి, ఆ మిషను ఒక్క పూట ఆపండి. అవి పైకొస్తాయి, ఏరుకున్నాక మళ్ళీ వేసుకోండి."

మృదుల నోరు తెరిచేలోపే నూకరత్నం అందుకుంది. "ఒక్క పూట నువ్వు ముక్కు మూసుకుని కూర్చోవే. తర్వాత అడుగుదువుగాని."

 దేవుడమ్మ తన పార మృదుల చేతికిచ్చింది. "మమ్మల్ని తవ్వకానికి దింపింది మీరు కదండీ. మీరూ ఓ చెయ్యేయండి."

మృదుల ప్యాంటు మడిచి బురదలోకి దిగింది. కాసేపటికే నడుం మీద చెయ్యేసుకుని రొప్పుతూ నిలబడింది.

"ఏమండీ, మీ మిషను గాలి మీదాకా రావట్లేదా?" అంది దేవుడమ్మ.

అందరూ నవ్వారు. మృదులా నవ్వబోయింది గానీ పార అంచుకేదో గట్టిగా తగిలింది. చటుక్కున వంగి చెయ్యి లోపలికి పెట్టి, అరచేతి నిండా పట్టే గుల్లను పైకి తీసింది.