వావిలాకు ఎవరి కోసం?

రోజూ పొద్దున్నే ఒక పిల్ల మన గేటు ముందుకొచ్చి ఆకు తెంపుకుపోతుంటే అనుమానం రాకుండా ఉంటుందా? ప్రేమ్‌రాజ్‌కి వచ్చింది.

కిషన్‌బాగ్‌లో వాళ్ల గేటు పక్కన వావిలి పొద ఉంది. అతని తల్లి రాజమణి పెంచింది. బస్తీలో ఎవరికి మోకాళ్లు పట్టేసినా, ఎవరింట్లో కాన్పయినా ఆ ఆకే కావాలి. మరగబెట్టిన నీళ్లతో బాలింతకు స్నానం చేయిస్తే ఒళ్లునొప్పులు పోతాయని ఆడవాళ్ల నమ్మకం.

వెనక గల్లీలోకి కొత్తగా వచ్చిన ఆశ్రిత మొదటిరోజు కొమ్మ వంచుతుంటే, బైకు తుడుస్తున్న ప్రేమ్‌రాజ్ దొంగను పట్టుకున్నట్టు అడ్డం వెళ్లాడు.

"ఎవరినడిగి తెంపుతున్నవ్?"

"మీ అమ్మనడిగిన. నిన్ను గూడ అడగాల్నా?"

ఆమె చూసిన చూపుకి అతని చేతిలోని గుడ్డ జారిపోయింది. మర్నాటి నుంచి సరిగ్గా ఆమె వచ్చే వేళకే బైకు మురికిగా కనిపించసాగింది.

రాజమణి ఒక మాట అనకపోతే అంతా బాగానే ఉండేది.

"పచ్చి బాలింత లెక్కుంది పాపం. చెవులకు స్కార్ఫ్ చూసినవా? ఇంట్ల చేసేటోళ్లు లేక తనే ఆకుకొస్తుంది."

ప్రేమ్‌రాజ్ గుండె గుభేల్మంది. నిజమే, ఎండలో కూడా చెవులు మూసి స్కార్ఫ్ కడుతుంది. బాలింతలు గాలి తగలకుండా కట్టుకునేది అలాగే. పైగా రోజూ ఒడి నిండా ఆకు. మెడలో ఏముందో చూద్దామంటే ఆ స్కార్ఫే అడ్డం. బాలింత గల్లీల్లో తిరగదన్న సంగతి మాత్రం ఆ బుర్రకు తట్టలేదు. మనసు పడ్డవాడి బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

ఆదివారం మొఘల్‌పురా సంబంధం వాళ్లు వస్తున్నారు. ఈలోగా తేల్చుకోకపోతే అమ్మ సరే అనేస్తుంది. ఇంట్లో చిన్నపిల్లలున్నారా అని అడిగితే ఆశ్రిత ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. అనుమానం ఇంకా ముదిరింది.

శనివారం తనే ఆకు కోసి, ఇవ్వడానికి వచ్చినట్టు వాళ్లింటికి వెళ్లాడు. ఉయ్యాల లేదు, చంటిపిల్ల లేదు. ఆమె తండ్రి ఎల్లయ్య స్టూలు మీద కూర్చుని, వేడి వావిలాకు మూటతో మోకాళ్లకు కాపడం పెట్టుకుంటున్నాడు. స్కార్ఫేమో స్కూటీ హ్యాండిల్‌కి వేలాడుతోంది. ప్రేమ్‌రాజ్‌కి ప్రాణం లేచొచ్చింది.

అంతలో పెరటి తలుపులోంచి చూశాడు. గోడ దాటి పెరిగిన వావిలి చెట్టు, నిండా ఊదారంగు పూలతో. లేచొచ్చిన ప్రాణం మళ్లీ అనుమానంలో పడింది.

మంచినీళ్లు తెచ్చిన ఆశ్రిత మెడలో తాళీ లేదు. గుమ్మం బయటికొచ్చి ఆమెను మెల్లగా అడిగాడు.

"ఇంత చెట్టు పెట్టుకొని మా పొదనెందుకు బోడిజేస్తున్నవ్?"

ఆమె తల వంచుకుని చెప్పింది.

"ఆకు మా ఇంట్ల ఉంది. నువ్వు లేవు గద."

అతను గ్లాసెడు నీళ్లూ గటగటా తాగేశాడు. సంతోషంతో ఏం మాట్లాడాలో తెలియక, బాలింత సంగతి మొత్తం చెప్పేశాడు.

"దుమ్ముకు స్కార్ఫ్ కట్టుకుంటే బాలింతనా?" అని ఆమె కోపంగా మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. లోపల్నుంచి ఎల్లయ్య ఏందమ్మా అని దగ్గాడు.

ఆ సాయంత్రం ప్రేమ్‌రాజ్ తల్లికి అంతా చెప్పాడు. రాజమణి మొఘల్‌పురాకు ఫోన్ చేసి, రేపు రావద్దని మర్యాదగా చెప్పింది.

మర్నాడు ఆశ్రిత గేటు దగ్గర బెరుగ్గా నిలబడింది. స్కార్ఫ్ లేదు.

"అమ్మా, జరంత ఆకు..."

రాజమణి ఆమెను పైనుంచి కిందికి అనుమానంగానే చూసింది. తర్వాత గేటు బార్లా తెరిచింది.

"ఇగ అడగకు బిడ్డా. సొంతింటి ఆకు ఎవరన్న అడిగి తెంపుతరా?"

వెనకాల ప్రేమ్‌రాజ్ చేతిలోంచి గుడ్డ మళ్లీ జారింది.