ఘాట్ దాటాక చాయ్

పరుగు!

నారాయణగూడ చౌరస్తా. కదులుతున్న బస్సుకి అడ్డంగా దూకేసింది సంయుక్త.

"సస్తవా ఏంది అక్కా!" డ్రైవర్ కేక.

వెనకాలే స్కూటర్ హారన్... కిషన్ రావు! ఆమె ఓనర్.

చీకటి పడుతోంది. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నిండా జనం. జనంలో స్కూటర్ ఆగుతోంది. ఆమె ఆగట్లేదు.

 ఆమెని పరుగెత్తిస్తున్నది స్కూటర్ కాదు... ఇందాక విన్న మాటలు!

కిషన్ రావు ట్రావెల్స్‌లో ఆమె పని దారులు చెప్పడం. సొంత కార్లలో నాగపూర్, ఇండోర్, ఢిల్లీ పోయేవాళ్లకి ఎక్కడ పెట్రోల్ పోయించుకోవాలో, ఎక్కడ పడుకోవాలో, ఏ ఘాట్ రాత్రిపూట ఎక్కకూడదో విడమరిచి చెబుతుంది. ఆమె మాటంటే అందరికీ గురి.

ఇందాక తలుపు చాటున విన్నది... ఫోన్లో కిషన్ రావు గొంతు.

"తెల్ల అంబాసిడర్. ముసలి జంట, నాగపూర్ పెళ్లికి పోతున్నరు. పెళ్లి బంగారమంత డిక్కీల ఉంటది. నిర్మల్ ఘాట్ దాటినంక చాయ్‌కి ఆగుతరు. మా పిల్ల చెప్పిన జాగ... పక్కా ఆగుతరు!"

మా పిల్ల!

థూ!

తను నమ్మకంగా చెప్పిన చాయ్ హోటల్... వీడి మనుషులకి మాటు!

ఇట్ల ఎన్ని కార్లు పోయినయో?

లైబ్రరీ దాటింది. సందు. ఇంకో సందు. అశోక్ నగర్! ఆ ముసలాయన రామచంద్రరావు గారి గేటు.

అంబాసిడర్ అప్పుడే స్టార్టయింది!

"సార్... పోవద్దు!" బానెట్ మీద పడిపోయింది సంయుక్త. "దారిల కాపు కాస్తున్నరు! మా ఓనరే..."

కీచుమంటూ స్కూటర్ ఆగింది. బుగ్గన పాన్, మొహాన నవ్వు.

"జర మాఫ్ చెయ్యుండ్రి సార్," అన్నాడు కిషన్ రావు. "ఈ పిల్లకి తలకాయ ఖరాబైంది."

రామచంద్రరావు ఇంజన్ ఆపి దిగాడు. అటు నుంచి భార్య బాలత్రిపురసుందరి దిగింది.

"మాకు నాగపూర్‌లో ఎవరూ లేరమ్మా," అన్నాడాయన. "పెళ్లీ లేదు. బంగారమూ లేదు."

సంయుక్త బానెట్ మీంచి లేచింది.

బాలత్రిపురసుందరి చేతిసంచిలోంచి చెయ్యి తీసింది.

పిస్తోలు!

సంయుక్త గుండెకి సూటిగా!

"మా అమ్మాయి నాగశ్రీ నువ్వు చెప్పిన దారినే వెళ్లింది. నువ్వు చెప్పిన చోటే ఆగింది. కారు లోయలో దొరికింది." ఆవిడ కళ్లు కిషన్ రావు వైపు తిరిగాయి. "దాన్ని దొంగలకి అమ్ముకుంది నువ్వా, వీడా? తేల్చుకోవడానికే ఈ ప్రయాణం!"

నాగశ్రీ... 'థాంక్స్ అక్కా' అని చెయ్యూపుతూ పోయిన పిల్ల!

 సంయుక్తకి తన నోరంటే తనకే రోత పుట్టింది.

"దారి నాదే అమ్మా," అంది ఎట్లనో. "మంచిదనుకునే చెప్పిన..."

"ఇన్నరా! ఆమెనే ఒప్పుకుంటున్నది!" కిషన్ రావు అందుకున్నాడు. "ఈమె మనుషులే అమ్మా! కమ్మల కోసం పాపం ఆ పిల్ల చెవులు తెంపిన్రంటే... వాళ్లు మనుషులేనా!"



"పేపర్లో యాక్సిడెంట్ అనే కదయ్యా వేశారు?" రామచంద్రరావు ఒక అడుగు ముందుకేశాడు. "చెవుల సంగతి మేం ఎవరికీ చెప్పలేదే!"

పాన్ నములుతున్న కిషన్ రావు దవడ ఆగిపోయింది.

పిస్తోలు మెల్లిగా... సంయుక్త మీంచి పక్కకి తిరిగింది.

"అమ్మా... జర నా మాట ఇనుండ్రి..."

ఢాం!